వీపు కుర్చీ

కుర్చీకి కాళ్లన్నం, చేతులన్నం,
వీపన్నం.
ఆగాపురా సందుల పొద్దంత అనే మాటలే ఇవి,
ఎవలం ఆగి వినలె.
లతీఫ్ ఉస్తాద్ ఒక్కడే
ఆ మాటలు నిజమనుకున్నడు.

షేక్‌పేట నుంచి ఒక మేడమ్ వచ్చింది.
కాగితం మీద నాలుగు గీతలు గీసి,
"మనిషి కూర్చున్నట్టుండాలి, మనిషి ఉండొద్దు" అన్నది.
ఉస్తాద్ కాగితం మడిచి జేబుల పెట్టుకున్నడు.
నవ్వలె.

ముషీరాబాద్ అడితి నుంచి జిట్రేగి మొద్దు.
మోసుకొచ్చింది ఆశప్ప.
దించి, తువ్వాల విప్పి,
గోడ దిక్కు తిరిగి నీళ్లు తాగుతుంటే
ఉస్తాద్ ఆ వీపును చూసిండు.
స్పిరిట్ సీసా మూత తీసుకుంట
నేను ఉస్తాద్‌ను చూసిన.
"అట్లనే ఉండు ఆశప్పా. చాయ్ తెప్పిస్త."

నారాయణపేట దిక్కు మనిషి.
టేపు మెడ కాణ్నుంచి దిగుకుంట
రెండు జాగలల్ల ఆగింది.
ఎడమ భుజం వెనక,
మొద్దు అంచు రోజూ ఆనే కాడ
ఒక గుంట.
కోడిగుడ్డు పెడితే కదలకుండ పంటది.

"చక్కిలిగిలి అయితున్నది సాబ్"
ఊపిరి బిగబట్టిండు ఆశప్ప.
క్వింటాల్ మొద్దుకు జంకని మనిషికి
ఇనుప టేపు చక్కిలిగిలి.

నలభై రోజులు.
ముందు బాడిస, తర్వాత ఉలి, తర్వాత రందా,
ఆఖరుకు నేను.
ఎనభై నంబరు కాగితం, నూటయాభై, మున్నూటిరవై.
కట్టె నున్నగైనకొద్ది
నా వేలిముద్రలు అరుగుతయి.
రేషన్ షాపుల మిషన్ నన్ను గుర్తుపట్టదు,
మళ్ల పెట్టు, మళ్ల పెట్టు అంటడు డీలరు.
ఆ వేళ్లకే
వెన్నుపూసలు ఒక్కొక్కటి తెలిసొచ్చినయి.
ఏడోది జర పక్కకు జరిగింది.
మా ఆయన వీపును కూడ
ఇంత సేపు తడిమింది లేదు.
ఈ మాట ఉస్తాద్‌కు చెప్పలె.
మా ఆయనకు అసలే చెప్పలె.

మేడమ్ వచ్చి చేత్తో రాసి చూసింది.
"సూపర్."
గుంట కాడ వేలు ఆగింది.
"ఇది డిఫెక్టా?"
ఉస్తాద్ నోట్ల జర్దా పాన్. జవాబు రాలె.
"లప్పం పెట్టి నున్నగా చేయించండి."

పెట్టిన. నేనే పెట్టిన.
అదే కట్టె పొట్టు, ఫెవికాల్, చిటికెడు జాజు,
రంగు రంగుల కలిసేదాక మెదిపి
ఆశప్ప భుజాన్ని పూడ్చిన.
ఆనాటి కూలి ఏడొందలు.

లిఫ్టుల పట్టలేదు కుర్చీ.
నాలుగో అంతస్తు.
ఫోన్ చేస్తే ఆశప్పే వచ్చిండు.
తువ్వాల చుట్ట చేసి భుజాన పెట్టుకొని
వంగిండు.

ఆశప్ప వీపు మీద ఆశప్ప వీపు.

మెట్ల మలుపు కాడ
ఏది మోస్తున్నదో ఏది ఊగుతున్నదో
కింద నిలబడ్డ నాకు తెలువలె.

పైన దించినంక
"జర కూసో" అన్నడు ఉస్తాద్.
ఆశప్ప కుర్చీ చుట్టు ఒక్కసారి తిరిగిండు.
"ఎవలిది సాబ్ ఇది?
పాపం, శాన మోసినట్టుండు."
అని కిందనే, పాలరాయి మీద,
గోడకు ఆనుకొని కూసున్నడు.
చెమటకు గోడ మీద తడి మచ్చ పడ్డది.
మేడమ్ గోడనే చూసుకుంట ఉన్నది.

జూలైల ముసురు.
కట్టె ఉబ్బింది.
"లప్పం ఊడిపోయింది, మనిషిని పంపండి."

డబ్బా, కాగితాలు సంచిలేసుకొని పోయిన.
ఇంట్ల పనిపిల్ల తప్ప ఎవలు లేరు.
కిటికీల నుంచి దూరంగ
గుమ్మటాలు తడుస్తున్నయి.
గుంటల బొటనవేలు పెట్టిన.
చల్లగున్నది.
సరిగ్గ పట్టింది.

డబ్బా మూత తియ్యలె.
పిల్ల వంటింట్లకు పోయినప్పుడు
కూసున్న.
అరవై కిలోల నన్ను
ఆ వీపు ఏమనలె.

"అయిపోయిందా అక్కా?"
"దీనికి ఇగ లప్పం పట్టదు. మేడమ్‌కు చెప్పు."

గేటు కాడ రిజిస్టర్ ముందట పెట్టిండు వాచ్‌మన్.
సంతకం రాదంటే వేలు పట్టుకొని సిరాల అద్దిండు.
కాగితం మీద గీతలేమీ పడలె.
గుండ్రటి నల్ల మరక.
"ఇదేంది?" అన్నడు.
వాన తగ్గేదాక ఆగకుండనే
బస్‌స్టాప్ దిక్కు నడిచిన.